పనిలో పాడైన బట్టలకు యజమానిని అడగడం: బెంగళూరు తెలుగు ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

పీణ్యా, బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీలలోనూ, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులలోనూ, హోసకోటె, నెలమంగల గోదాములలోనూ, నగరంలోని ఆసుపత్రులు, హోటళ్ళలోనూ పనిచేసే తెలుగువారి నుంచి ఒకే రకమైన సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నందువల్ల ఈ జవాబులను ఒకచోట చేర్చాము. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాసినందున కొన్ని సంగతులు ఒకటికి రెండుసార్లు కనిపిస్తాయి. చట్టం ప్రస్తావన వచ్చినచోటల్లా 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లనే ఆధారంగా తీసుకున్నాము.

## నష్టం జరిగిన రోజు

బట్టల మీద బ్యాటరీ యాసిడ్ చిందింది. ముందు ఫోటో తీయాలా, కడుక్కోవాలా?

కడుక్కోవాలి. ఒంటికి తగిలిన బట్టను విప్పేసి, చర్మాన్ని ధారగా పడే నీటితో కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు కడిగిన తరువాతే మిగతావన్నీ. బ్యాటరీలలో ఉండేది సల్ఫ్యూరిక్ ఆమ్లం. అది నూలు బట్టను మెల్లగా తినేస్తుంది కాబట్టి ఆ పూట చిన్న మచ్చలా కనిపించినది మరుసటి ఉతుకులో చిల్లుగా బయటపడడం చాలా మందికి అనుభవమే. అందువల్ల బట్ట బాగానే ఉన్నట్టు కనిపించినా, యాసిడ్ చిందిన సంగతిని అదే రోజున సూపర్‌వైజరుకు చెప్పి ఒక సందేశం రూపంలోనైనా రాసి ఉంచాలి. చర్మం మంట పెడుతుంటే ముందుగా ఇఎస్ఐ ఆసుపత్రికో, దగ్గరలోని వైద్యుడి దగ్గరికో వెళ్ళండి. చొక్కా సంగతి రేపు మాట్లాడినా కొంప మునగదు.

మరక పడిన బట్టను ఇంటికెళ్ళి ఉతికేయవచ్చా? ఉతకకుండా అలాగే చూపించాలా?

మరకను బట్టి ఉంటుంది, కానీ ఏదైనా సరే ముందు ఫోటో తీయండి: ఒకటి బట్ట మొత్తం కనిపించేలా, ఒకటి మరక దగ్గరగా, ఇంకొకటి అది జరిగిన చోటు, అంటే ఆ యంత్రమో, మేకు తేలిన కుర్చీయో, కారుతున్న పైపో కనిపించేలా. ఆ తరువాత కాపాడగలిగిన బట్టను కాపాడే ప్రయత్నం చేయడమే మంచిది. శుభ్రం చేయడానికి ప్రయత్నించాడన్న మాట మీ అర్జీకి బలమే అవుతుంది గాని బలహీనత కాదు.

ప్రింటరు టోనరు పడితే దులిపి, చన్నీళ్ళతో కడగాలి. టోనరు సన్నని ప్లాస్టిక్ పొడి కాబట్టి వేడి నీళ్ళు, ఇస్త్రీ తగిలితే కరిగి దారాలకు అతుక్కుపోతుంది. నూనె, గ్రీజు మరకలు ఎంత త్వరగా సబ్బు తగిలితే అంత వదులుతాయి. బ్లీచింగ్ ద్రావణం పడి రంగు పోతే అది మరక కానే కాదు, రంగే నాశనమైంది. ఎన్ని ఉతుకులు ఉతికినా తిరిగి రాదు. ఆ మచ్చను వదిలిద్దామని బ్లీచింగ్ మీద టాయిలెట్ యాసిడ్ మాత్రం పోయకండి, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆసుపత్రిలో రోగి రక్తమో, ఇతర స్రావాలో పడిన బట్టను ఇంటికి తీసుకువెళ్ళి మిగతా బట్టలతో కలిపి ఉతకకండి. ఆసుపత్రి లాండ్రీలోనే శుభ్రం చేయించమని అడగండి, ఆ పూటకు మార్చుకోవడానికి వేరే జత కూడా అక్కడే అడగండి.

ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులయింది. ఇప్పుడు అడిగితే నమ్ముతారా?

నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు, కానీ అడగడానికి గడువు దాటిపోలేదు. ఎందుకు ఆలస్యమైందో ఒక్క వాక్యంలో నిజం చెప్పండి: ఉతికాక గాని చిల్లు కనిపించలేదని, రాత్రి షిఫ్టు కావడం వల్ల ఆఫీసులో ఎవరూ లేరని. పక్కనే పనిచేసినవారు చూసి ఉంటే వారి పేరు రాయడానికి వారి అనుమతి తీసుకోండి. ఆ రోజు మీరు స్నేహితుడికో, ఇంట్లోవారికో వాట్సాప్‌లో పంపిన ఫోటో ఉంటే తారీఖుతో సహా అది ఉత్తమమైన రుజువు. తారీఖు మార్చి నిన్ననే జరిగినట్టు రాయడం మాత్రం ఎంత మాత్రం తగదు, ఎందుకంటే సీసీటీవీ చూసినప్పుడు చొక్కా విషయం పోయి అబద్ధం విషయం మిగులుతుంది.

సూపర్‌వైజరుకు నోటిమాటగా చెబితే చాలదా?

చాలదు. సూపర్‌వైజరు మంచివాడే కావచ్చు, కానీ వచ్చే నెల అతడు వేరే లైనుకు మారిపోతే మీ మాటకు సాక్ష్యం ఉండదు. నోటితో చెప్పిన తరువాత "ఇందాక చెప్పినట్టుగా" అని మొదలుపెట్టి రెండు వాక్యాల సందేశం పంపండి. ఫ్యాక్టరీలో ప్రమాదాల రిజిస్టరు గాని, తృటిలో తప్పిన ప్రమాదాలు రాసే పుస్తకం గాని ఉంటే అందులో రాయించడం అన్నిటికంటే మేలు.

## అడిగే హక్కు ఉందా

నా సొంత చొక్కా పాడైతే కంపెనీ డబ్బు ఇచ్చి తీరాలని చట్టంలో ఉందా?

ఉద్యోగి సొంత బట్టలకు జరిగిన నష్టాన్ని యజమాని భర్తీ చేయాలని నేరుగా చెప్పే నిబంధన మన కార్మిక కోడ్‌లలో లేదు. ఇది ముందే తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే చాలామంది "లేబర్ చట్టం ప్రకారం" అని బెదిరింపుగా మొదలుపెట్టి, ఏ సెక్షను అని ఎదుటివారు అడగగానే తడబడి, న్యాయమైన కోరికను కూడా చేజార్చుకుంటున్నారు.

అయితే అడగడానికి ఆధారమే లేదనుకోవద్దు. పని చోట వాడే బట్టలు మూడు రకాలు, మూడింటికీ దారులు వేరు. ఏప్రాన్, కవరాల్, చేతి తొడుగులు, ల్యాబ్ కోటు వంటి రక్షణ దుస్తులు యజమాని బాధ్యత: వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 (కింది జవాబుల్లో దీన్నే భద్రతా కోడ్ అన్నాము) లోని 6వ సెక్షను ప్రకారం, భద్రత కోసం, ఆరోగ్యం కోసం పని చోట చేసే ఏర్పాట్లకు ఉద్యోగి నుంచి రుసుము వసూలు చేయకూడదు. కంపెనీ ముద్రతో ఇచ్చే యూనిఫాం విషయాన్ని నియామక పత్రం, కంపెనీ నియమాలు, యూనియన్ ఒప్పందం నిర్ణయిస్తాయి. మీరు కొనుక్కుని వేసుకున్న సొంత బట్టల విషయంలో, యజమాని తీసుకోవలసిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్లనే నష్టం జరిగిందని చూపించగలగడమే అసలు బలం. మేకు తేలిన కుర్చీ గురించి ముందే ఫిర్యాదు చేసి ఉండడం, ఏప్రాన్ అడిగినా ఇవ్వకపోవడం, కారుతున్న గొట్టాన్ని వారాల తరబడి బాగుచేయకపోవడం ఈ కోవలోకి వస్తాయి. ఇటువంటి నిర్లక్ష్యానికి సివిల్ దావా వేయడం సిద్ధాంతరీత్యా సాధ్యమే అయినా, చొక్కా ఖరీదు కంటే వకీలు ఫీజు ఎక్కువవుతుంది కాబట్టి ఆచరణలో ఇది అడిగి, ఒప్పించి తెచ్చుకునే డబ్బే.

కంపెనీ ఇచ్చిన యూనిఫాం చిరిగింది. కొత్తదాని ఖరీదు జీతంలో కోస్తామంటున్నారు. కోయవచ్చా?

ఇష్టం వచ్చినట్టు కోయడానికి వీలులేదు. వేతనాల కోడ్, 2019లోని 18వ సెక్షను ఏయే కారణాలకు జీతంలో కోత పెట్టవచ్చో జాబితాగా చెబుతుంది. ఆ జాబితాలో లేని కారణానికి కోత చెల్లదు. ఉద్యోగి భద్రంగా చూసుకోవాలని ప్రత్యేకంగా అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్లనో, తప్పు వల్లనో నేరుగా పాడైతే, పోతే కోత పెట్టవచ్చు. అప్పుడు కూడా 21వ సెక్షను ప్రకారం ఆ కోత జరిగిన నష్టాన్ని మించకూడదు, కోసే ముందు ఉద్యోగికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపి ఆ వేతన కాలపు జీతంలో 50 శాతం దాటకూడదు.

కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇందులో నా నిర్లక్ష్యం ఏమిటి? రోజూ వేసుకుని, రోజూ ఉతికి, మోకాళ్ళ దగ్గర అరిగిపోయిన ప్యాంటుకు నిర్లక్ష్యం అంటగట్టడం కుదరదు; అది వాడకం వల్ల వచ్చిన అరుగుదల. ర్యాకు అంచు తగిలి చిరిగిన చొక్కా కూడా అంతే. యూనిఫాంను స్నేహితుడికి ఇచ్చి పోగొట్టుకుంటే మాత్రం మీవైపు వాదన ఉండదు. ఏడాది వాడిన యూనిఫాంకు కొత్తదాని పూర్తి ఖరీదు కోస్తే, నష్టం విలువ అంత ఉండదు కదా అని రాతపూర్వకంగా అడగండి. అన్యాయంగా కోసిన మొత్తం కోసం 45వ సెక్షను కింద నియమించిన అధికారి ముందు 3 సంవత్సరాల లోపల క్లెయిము వేయవచ్చు. పాత వేతన చెల్లింపు చట్టానికి జీతం పరిమితి ఉండేది; ఈ కోడ్ ఉద్యోగులందరికీ వర్తిస్తుంది కాబట్టి జీతం ఎంతైనా ఈ రక్షణ ఉంటుంది.

ఏప్రాన్ ఇచ్చారు, నేనే వేసుకోలేదు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగను?

ఇచ్చిన రక్షణ దుస్తులు వేసుకోవడం ఉద్యోగి బాధ్యత అని భద్రతా కోడ్ కూడా చెబుతుంది కాబట్టి మీ కోరిక బలహీనమైన మాట నిజం. అయినా ఎందుకు వేసుకోలేదో చూడండి. ఏప్రాన్ కొలత సరిపోకపోవడం, ఉన్న నాలుగూ వేరేవారి దగ్గర ఉండడం, లైను ఆగకూడదని సూపర్‌వైజరే తొందరపెట్టడం వంటి కారణం ఉంటే అది చెప్పదగినదే. కారణం బద్ధకమే అయితే ఈసారికి ఊరుకోవడం మంచిదని మా అభిప్రాయం.

నేను కాంట్రాక్టర్ మనిషిని. ఎవరిని అడగాలి: కాంట్రాక్టర్‌నా, కంపెనీనా?

జీతం ఎవరిస్తే వారికి రాయండి, పని ఎవరి ఆవరణలో చేస్తే వారికి ప్రతి పంపండి. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, లోడింగ్ పనుల్లో ఉన్నవారిని ఇద్దరూ ఒకరి మీదికి ఒకరు తోయడం అందరూ ఎరిగినదే. జీతంలో కోత గురించైతే మొదట కాంట్రాక్టరే జవాబుదారు. బట్టలు మార్చుకునే గది, కడుక్కునే చోటు వంటి సౌకర్యాల విషయంలో భద్రతా కోడ్ 53వ సెక్షను ప్రధాన యజమానిపైనే, అంటే కంపెనీపైనే, బాధ్యత పెట్టింది.

చేరేటప్పుడు యూనిఫాంకని డిపాజిట్ తీసుకుని, మానేసేటప్పుడు "చిరిగింది" అని తిరిగి ఇవ్వని ఏజెన్సీలు ఉన్నాయి. డిపాజిట్ కట్టిన రోజునే రసీదు తీసుకోండి, రసీదు ఇవ్వడానికి వారు ఒప్పుకోకపోతే యూపీఐ ద్వారానే కట్టండి, మానేసిన రోజున యూనిఫాం అప్పగిస్తూ దాని ఫోటో తీసుకోండి.

బైకు మీద డెలివరీ చేస్తాను. వానలో పడి ప్యాంటు, జాకెట్ చిరిగాయి. యాప్ కంపెనీ ఇస్తుందా?

యాప్ కంపెనీలు మిమ్మల్ని ఉద్యోగిగా కాక భాగస్వామిగా ఒప్పందం చేసుకుంటాయి కాబట్టి బట్టల డబ్బు ఆ ఒప్పందంలో ఉంటే తప్ప రాదు. ప్రమాద బీమా ఉంటే అది గాయాలకు, ఆసుపత్రి ఖర్చులకు సంబంధించినది. పాడైనది కంపెనీ ముద్ర ఉన్న జాకెట్టో, బ్యాగో అయితే యాప్‌లోని సహాయ విభాగంలో ఫోటోతో పాటు మార్చి ఇవ్వమని అడగండి. ప్రమాదం నమోదై ఉంటే అడగడం తేలిక.

ఇఎస్ఐ కింద బట్టల డబ్బు వస్తుందా?

రాదు. ఇఎస్ఐ గాని, ఉద్యోగుల ప్రమాద పరిహారం గాని శరీరానికి తగిలిన గాయానికి, దానివల్ల పోయిన సంపాదనకు సంబంధించినవి. గాయమూ, బట్టల నష్టమూ రెండూ జరిగితే రెంటికీ వేర్వేరు కాగితాలు పెట్టండి.

ఆఫీసు క్యాబ్‌లో సీటు కమ్మీకి తగిలి చీర చిరిగింది. ఇది పనిలో జరిగినట్టా?

క్యాబ్ కంపెనీ ఏర్పాటు చేసినదే అయితే అడగవచ్చు. ట్రాన్స్‌పోర్ట్ డెస్కుకు బండి నంబరు, ట్రిప్పు సమయం, కమ్మీ ఫోటో పంపండి. వారు ఆ ఖర్చును క్యాబ్ కాంట్రాక్టర్ బిల్లులో సర్దుకోవచ్చు గనుక ఇటువంటివి ఒక్కోసారి అనుకున్నదానికంటే సులువుగా తేలతాయి. సొంత బండి మీదో, బీఎంటీసీ బస్సులోనో వస్తుండగా చిరిగితే యజమానిని అడగడంలో అర్థం లేదు.

## ఎంత అడగాలి

మూడు వేలు పెట్టి కొన్న చొక్కా. మొత్తం మూడు వేలూ అడగనా?

కొత్తదైతే అడగండి. ఏడాదిగా వేసుకుంటున్నదైతే పూర్తి ఖరీదు అడగడం వల్ల మీ మాటకే విలువ తగ్గుతుంది. దీనికి చట్టం చెప్పిన లెక్క ఏదీ లేదు. మాకు న్యాయంగా తోచే పద్ధతి ఇది. కొని మూడు నెలలు దాటని బట్టకు కొన్న ఖరీదు, ఏడాది లోపుదానికి మూడింట రెండు వంతులు, ఆపైన సగమో అంతకంటే తక్కువో అడగండి. మూడు వేల చొక్కాను పద్దెనిమిది నెలలు వేసుకున్నాక పన్నెండు, పదిహేను వందలు అడిగితే ఎదుటివారికి బేరమాడే పని ఉండదు, అడిగినవారు నిజాయితీపరులన్న అభిప్రాయమూ కలుగుతుంది.

బాగుచేయించగలిగిన బట్టకు డ్రై క్లీనింగ్ ఖర్చో, డార్నింగ్ ఖర్చో అడగడం ఇంకా తేలికైన దారి. నాలుగు వందల రసీదును మేనేజరు తన స్థాయిలోనే చెల్లించవచ్చు. రెండు వేలంటే పై అనుమతి కావాలంటారు. డ్రై క్లీనర్ "ఇది వదలదు" అని రసీదు మీద రాసి ఇస్తే, కొత్తది అడగడానికి అంతకు మించిన కాగితం లేదు.

బిల్లు లేదు. చిక్కపేటలో బేరమాడి కొన్నాను. ఎలా చూపించాలి?

యూపీఐ చెల్లింపు వివరం, ఆన్‌లైన్‌లో అదే రకం బట్ట ధర చూపే తెరపటం (స్క్రీన్‌షాట్), లేబులు కనిపించే ఫోటో, వీటిలో ఏదైనా సరిపోతుంది. నగదు ఇచ్చి కొన్నట్టయితే అదే మాట రాసి, ఆ రకానికి ఇప్పుడున్న ధరలో తక్కువదాన్ని పేర్కొనండి. దొంగ బిల్లు రాయించకండి. ఎనిమిది వందల చొక్కా కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమవుతుంది.

ఉగాదికి ఆఫీసుకు పట్టుచీర కట్టుకు వెళ్తే కాఫీ యంత్రం చిమ్మి పాడైంది. పదిహేను వేల చీర. ఇస్తారా?

పూర్తిగా ఇవ్వడం అరుదు, కానీ అడగడానికి రెండు సంగతులు తోడ్పడతాయి. ఆ రోజు సంప్రదాయ దుస్తుల్లో రమ్మని ఆఫీసే ఆహ్వానం పంపిందా? కాఫీ యంత్రం పాడైన సంగతి నిర్వాహకులకు ముందే తెలుసా? ఈ రెండింటికీ అవునన్న జవాబు ఉంటే మీ కోరికకు బలం ఉంటుంది. కన్నడ రాజ్యోత్సవానికైనా, ఓణానికైనా ఇదే వర్తిస్తుంది. ముందు పట్టు శుభ్రం చేయడంలో అనుభవమున్న డ్రై క్లీనర్‌కు చూపించి ఆ ఖర్చు అడగండి. మరక వదలకపోతే అప్పుడు మిగతా మాట. యంత్రాల మధ్య, రసాయనాల మధ్య పనిచేసేచోటికి మీ ఇష్టం కొద్దీ పట్టు కట్టుకుని వెళ్తే మాత్రం అంత ఖరీదైన బట్ట వస్తుందని యజమాని ఊహించలేడు గనుక సాధారణ చీర విలువకు మించి ఆశించకండి.

## ఎలా అడగాలి

ఏ భాషలో రాయాలి? నాకు కన్నడం రాయడం రాదు.

ఆఫీసులైతే ఇంగ్లీషు ఈమెయిలు. ఫ్యాక్టరీలలో, చిన్న యూనిట్లలో మేనేజరు కన్నడిగుడైతే నోటిమాట కన్నడంలో, కాగితం ఇంగ్లీషులో ఉంటే చాలు. అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవారు నడిపే యూనిట్లు పీణ్యా చుట్టుపక్కల కొన్ని ఉన్నాయి. అక్కడ తెలుగులో రాసినా చెల్లుతుంది, కానీ విషయం తరువాత కార్మిక శాఖ దాకా వెళ్ళే అవకాశం ఉందనిపిస్తే కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఒక ప్రతి తయారు చేసుకోండి.

ఏం రాయాలో తెలియడం లేదు. ఒక నమూనా ఇస్తారా?

ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎంత నష్టం, ఏం కోరుతున్నారు, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అన్న క్రమంలో రాయండి. ఏ భాషలో రాసినా ఈ క్రమమే పెట్టుకోండి.

"గౌరవనీయులైన మేనేజరు గారికి, నిన్న మధ్యాహ్నం సుమారు మూడు గంటలకు రెండవ ప్యాకింగ్ లైను దగ్గర పనిచేస్తుండగా, కన్వేయరు పక్కన పైకి లేచి ఉన్న రేకు అంచు తగిలి నా ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. గాయం కాలేదు. ఆ రేకు గురించి మా షిఫ్టు సూపర్‌వైజరు గారికి గత వారం కూడా తెలియజేశాము. ప్యాంటు ఆరు నెలల క్రితం 1,500 రూపాయలకు కొన్నది; చెల్లింపు వివరం, ఫోటోలు జతచేశాను. నష్టానికి 1,000 రూపాయలు గాని, అదే రకం ప్యాంటు గాని ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఇంకెవరికీ తగలకుండా ఆ రేకును సరిచేయించగలరు."

"గాయం కాలేదు" అన్న వాక్యం నిజమైతేనే రాయండి. గీరుకుపోయినా సరే గాయమనే రాయాలి, తరువాత అది పుండైతే ఈ కాగితమే మీకు అడ్డువస్తుంది. "ఇప్పించకపోతే" అంటూ మొదటి ఉత్తరంలోనే హెచ్చరిక పెట్టకండి.

వెయ్యి రూపాయల కోసం అడిగితే చిన్నచూపు చూస్తారేమోనని మొహమాటంగా ఉంది.

పద్దెనిమిది, ఇరవై వేల జీతంలో గది అద్దె కట్టి, ఊరికి డబ్బు పంపే మనిషికి వెయ్యి రూపాయలు చిన్న మొత్తం కాదు, ఆ సంగతి మేనేజరుకూ తెలుసు. పైగా మీరు అడగకపోతే ఆ రేకు అంచు అలాగే ఉంటుంది, రేపు అది ఇంకొకరి కాలు కోస్తుంది. అందరి ముందు కాకుండా, షిఫ్టు ముగిసే వేళ మేనేజరును విడిగా కలిసి రెండు ముక్కల్లో చెప్పి, కాగితం చేతికివ్వండి. చొక్కాను సంచిలో వెంట తీసుకువెళ్ళండి. కళ్ళతో చూసినదాన్ని కాదనడం కష్టం. బట్టను ఇంటి దగ్గర తుడుపుగుడ్డగా వాడేయడం, విషయం తేలేదాకా, వద్దు.

## కాదన్నప్పుడు

"మా పాలసీలో లేదు" అన్నారు. ఇక వదిలేయాలా?

పాలసీలో లేదంటే నిషేధమున్నట్టు కాదు. ఎవరూ ఇంతవరకు అడగలేదన్నది చాలాచోట్ల అసలు సంగతి. ఆ మాటను రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా కోరండి, అలాగే ప్రత్యేక సందర్భంగా చెల్లించే అధికారం ఎవరికి ఉందో అడగండి. నగదు ఇవ్వడానికి అకౌంట్స్ విభాగం ఒప్పుకోకపోతే స్టోర్స్‌లో ఉన్న యూనిఫాం జత, కూపన్, డ్రై క్లీనింగ్ బిల్లు చెల్లింపు వంటి వేరే రూపాలకు సిద్ధంగా ఉండండి. యూనియన్ ఉన్నచోట వచ్చే వేతన ఒప్పందంలో యూనిఫాం జతలు, కుట్టుకూలి, ఉతుకు భత్యంతో పాటు ఈ అంశాన్ని కూడా చేర్పించమని కోరవచ్చు.

కంపెనీలో గ్రీవెన్స్ కమిటీ ఉందంటారు. చొక్కా కోసం అక్కడికి వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020లోని 4వ సెక్షను ప్రకారం 20 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులు ఉన్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో యజమాని తరఫువారు, కార్మికుల తరఫువారు సమాన సంఖ్యలో ఉండాలి. సంఘటన జరిగిన ఏడాది లోపల అర్జీ పెట్టుకోవాలి. అర్జీ అందిన 30 రోజుల్లో విచారణ ముగించాలన్నది కోడ్ ఉద్దేశం. ఒక్క చొక్కాకు కమిటీ దాకా వెళ్ళడం అతిగా అనిపించవచ్చు, కానీ అదే చోట అయిదారుగురి బట్టలు పాడయినప్పుడు అందరూ కలిసి ఒకే అర్జీ పెడితే అది చొక్కాల సంగతిగా కాక భద్రత సంగతిగా మారుతుంది, కమిటీ కూడా అలాగే చూస్తుంది. 18,000 రూపాయలకు మించి జీతమున్న సూపర్‌వైజర్లు, జీతం ఎంతైనా సరే మేనేజర్లు ఈ కోడ్ లెక్కలో కార్మికులు కారు.

లేబర్ ఆఫీసుకు వెళ్తే పని అవుతుందా?

ఏ విషయం మీద వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. జీతంలో అక్రమంగా కోత పెట్టారంటే కార్మిక శాఖ పరిధిలోని విషయమే. ఏప్రాన్, చేతి తొడుగులు ఇవ్వడం లేదంటే ఫ్యాక్టరీల, బాయిలర్ల, పారిశ్రామిక భద్రత, ఆరోగ్య శాఖకు చెప్పవలసిన విషయం. ఈ రెండు శాఖల కార్యాలయాలూ బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో ఉన్నాయి. కేవలం సొంత చొక్కా ఖరీదు ఇప్పించమని వెళ్తే మాత్రం, ఇన్‌స్పెక్టరు సానుభూతితో ఫోను చేసి చెప్పవచ్చునే గాని ఉత్తర్వు ఇవ్వడానికి ఆయనకు ఆధారం ఉండదు. ఒక రోజు జీతం పోగొట్టుకుని వెళ్ళే ముందు ఇది లెక్కలో పెట్టుకోండి.

కన్స్యూమర్ కోర్టులో వేయవచ్చా?

వేయలేరు. యజమాని దగ్గర మీరు వినియోగదారులు కారు. మీ బట్టను పాడుచేసినది మీరు డబ్బిచ్చిన డ్రై క్లీనర్ అయితే అది వేరే సంగతి.

అడిగానని ఉద్యోగంలోంచి తీసేస్తే?

కక్షతో ఉద్యోగిని తొలగించడాన్ని పారిశ్రామిక సంబంధాల కోడ్ అనుచిత చర్యల జాబితాలో చేర్చింది, కానీ అది నిరూపించడం సమయం పట్టే పని. ప్రొబేషన్‌లో ఉన్నవారు, రోజుకూలి మీద ఉన్నవారు ఒంటరిగా ఉత్తరం రాయకుండా, పక్కవారిని కలుపుకుని, బట్టల డబ్బు కంటే ముందుగా ఏప్రాన్లు కావాలని అడగడం తెలివైన పని. ఏప్రాన్లు ఇవ్వడం యజమానికి ఎలాగూ తప్పని బాధ్యత గనుక అడిగినవారి మీద కోపం చూపడం అంత తేలిక కాదు.

డబ్బు ఇస్తామన్నారు, కానీ ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు.

చదివి పెట్టండి. "ఫలానా తారీఖున పాడైన ప్యాంటుకు గాను 1,000 రూపాయలు ముట్టినవి" అని ఉంటే సంతకం చేయవచ్చు. "ఇకపై ఏ విధమైన బాకీలు, క్లెయిములు లేవు" అని ఉంటే, ముఖ్యంగా అదే సంఘటనలో ఒంటికి దెబ్బ తగిలి ఉంటే, ఆ వాక్యం తీసేయించకుండా సంతకం చేయకండి. కాగితం మీకు తెలియని భాషలో ఉంటే తెలిసినవారితో చదివించుకునేదాకా గడువు అడగండి, ఫోటో తీసుకోవడం మరవకండి.

## మళ్ళీ పాడవకుండా

రెండు మూడు నెలలకొకసారి ఇదే తంతు. ప్రతిసారీ అడగాలంటే విసుగ్గా ఉంది.

అటువంటప్పుడు చొక్కా అడగడం మానేసి, చొక్కా మీద వేసుకునేది అడగండి. ఏయే తారీఖుల్లో ఎవరెవరి బట్టలు ఎలా పాడయ్యాయో ఒక కాగితం మీద రాసి, బ్లీచింగ్ కలిపేవారికి రబ్బరు ఏప్రాన్, బ్యాటరీ గదిలో యాసిడ్‌కు తట్టుకునే ఏప్రాన్, కంటి అద్దాలు, గ్రైండింగ్ దగ్గర మందపాటి కవరాల్ అని పనివారీగా కోరండి. వీటి ఖర్చు యజమానిదే. ఇచ్చి జీతంలో కోస్తామంటే ఒప్పుకోనక్కరలేదు. కొలతలు కూడా రాయండి. పొట్టివారికి పాదాల దాకా వేలాడే ఏప్రాన్ ఇస్తే అది రెండో రోజునుంచి మేకుకు వేలాడుతుంది.

బట్టలు మార్చుకోవడానికి చోటే లేదు. ఇంటి నుంచి వేసుకొచ్చినవాటితోనే పని చేయాలి.

ఇది చిన్న లోపంగా కనిపిస్తుంది గాని సొంత బట్టలు పాడవడానికి అసలు మూలం చాలాచోట్ల ఇదే. పని వేళల్లో వేసుకోని బట్టలు పెట్టుకోవడానికి, తడిసినవి ఆరబెట్టుకోవడానికి చోటు, స్త్రీలకు, పురుషులకు, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకు లాకర్ గదులు భద్రతా కోడ్ 24వ సెక్షనులోని సౌకర్యాలలో ఉన్నాయి. గది కట్టించేదాకా తాత్కాలికంగా తెరకట్టిన మూల, తాళం వేసుకునే పెట్టెలు అడగండి.

వెల్డింగ్ దగ్గర ఎలాంటి బట్ట వేసుకోవాలి? పాలియెస్టర్ చొక్కాలు ఊరికే చిల్లులు పడుతున్నాయి.

పాలియెస్టర్ నిప్పురవ్వ తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. చిల్లు కంటే అది పెద్ద ప్రమాదం. మందపాటి నూలు బట్ట, పూర్తి చేతులు, మడత లేని ప్యాంటు అంచులు, మూతలున్న జేబులు, పైన తోలు ఏప్రాన్ ఉండాలి. కంపెనీ యూనిఫామే పాలియెస్టర్ కలిసినదైతే, వెల్డింగ్ విభాగానికి నూలు యూనిఫాం వేరుగా కుట్టించమని సేఫ్టీ ఆఫీసరుకు రాతపూర్వకంగా కోరండి, దానితో పాటు చిల్లులు పడిన పాత చొక్కా ఒకటి జతచేసి పంపండి.